రూత్, ఒహ్తానీ, ఇంకా ఎవరు? బేస్‌బాల్‌లో టూ-వే ఆటగాళ్ళని (పిచింగ్, బ్యాటింగ్ రెండూ చేసేవాళ్ళని) కాలాలు దాటి పోల్చడం ఎలా

బంతిపూలు

2025 అక్టోబర్ 17 రాత్రి మిల్వాకీ మీద డాడ్జర్స్ ఆటగాడు ఒహ్తానీ ఆడిన మ్యాచ్ దగ్గర్నుంచి మా ఆఫీసులో ఒకటే గొడవ. ఆ రోజు పిచర్‌గా (బంతి విసిరేవాడిగా) ఆరు ఇన్నింగ్స్ దాటేదాకా ఒక్క పరుగు ఇవ్వలేదు, 10 మందిని స్ట్రైకౌట్ (మూడు స్ట్రైక్‌లతో అవుట్) చేశాడు. బ్యాట్‌తో మూడు హోమ్ రన్‌లు (మన సిక్సర్ లాంటివి) కొట్టాడు, అందులో ఒకటి కుడివైపు స్టాండ్ పైకప్పు మీదుగా 469 అడుగులు. డాడ్జర్స్ 5-1తో గెలిచి 2025 నేషనల్ లీగ్ ఫైనల్‌ని 4-0తో ముగించేశారు.

మర్నాడు ఒకాయన "బేబ్ రూత్ కూడా ఇలా ఎప్పుడూ ఆడలేదు" అన్నాడు. ఇంకొకాయన "రూత్ ముందు ఇతనెంత" అన్నాడు. రూత్ పిచింగ్ చేసింది ఏ సంవత్సరాల్లో అని అడిగితే ఇద్దరూ నీళ్ళు నమిలారు.

నా ప్రశ్న ఇది. వందేళ్ళ తేడా ఉన్న ఇద్దరి అంకెలు పక్కపక్కన పెడితే ఏమైనా తేలుతుందా? వేరే కొలత ఏదైనా ఉందా? ఈ ఇద్దరూ కాక మూడో పేరు ఉంటే అది కూడా చెప్పండి.

నెల్లూరు ఎడమచేయి

రెండో ఆయనకి నా తరఫున ఒక కాఫీ ఇప్పించండి.

1916లో రూత్ 23 గెలిచి 12 ఓడాడు. ఈఆర్ఏ (తొమ్మిది ఇన్నింగ్స్‌కి పిచర్ ఇచ్చిన పరుగుల సగటు, ఎంత తక్కువైతే అంత మంచిది) 1.75, అమెరికన్ లీగ్ (రెండు మేజర్ లీగ్‌లలో ఒకటి) మొత్తంలో అదే అత్యుత్తమం. షటౌట్లు (ఎదుటి టీమ్‌కి ఒక్క పరుగూ ఇవ్వని మ్యాచ్‌లు) 9. 1917లో 24 విజయాలు, మొదలుపెట్టిన 38 మ్యాచ్‌ల్లో 35 చివరి బంతి దాకా తనే విసిరాడు. 1916 ఆగస్టులో వాల్టర్ జాన్సన్ అంతటివాడితో తలపడి 13 ఇన్నింగ్స్ ఆడి 1-0తో గెలిచాడు. ఆ ఏడాదే వరల్డ్ సిరీస్ (రెండు లీగ్‌ల విజేతల ఫైనల్) రెండో మ్యాచ్‌లో బ్రూక్లిన్ మీద 14 ఇన్నింగ్స్ ఒక్కడే వేసి 2-1తో గెలిపించాడు. ఇప్పుడు పిచర్ ఆరో ఇన్నింగ్స్ దాటితేనే మనం లేచి నిలబడి చప్పట్లు కొడుతున్నాం.

ఆ చేత్తోనే తర్వాత 714 హోమ్ రన్‌లు. ఇంకా పోలికేంటండీ?

లెక్కల సుబ్బులు

ఎడమచేయి గారూ, మీరు చెప్పిన ప్రతి అంకె నిజమే. చిక్కల్లా ఇద్దరు రూత్‌లని కలిపి ఒకడిని చేస్తున్నారు. 1916, 17లో ఆయన పిచర్. తన వంతు వచ్చిన రోజు బ్యాట్ పట్టాడు, మిగతా పిచర్లకంటే చాలా బాగా కొట్టాడు, అంతవరకే. 1920లో యాంకీస్‌కి వెళ్ళాక బ్యాటర్. అక్కడున్న 15 సీజన్లలో పిచింగ్ చేసింది మొత్తం 5 మ్యాచ్‌లు (ఐదూ గెలిచాడు, అది వేరే సరదా). రెండు పనులూ నిజంగా ఒకేసారి చేసింది 1918, 1919 సీజన్లలోనే.

అందులో 1918ని తీసుకుని ఒహ్తానీ 2022 పక్కన పెట్టి చూడండి. రూత్ వేసింది 166⅓ ఇన్నింగ్స్, ఒహ్తానీ 166. ఈఆర్ఏ 2.22, 2.33. గెలుపోటములు 13-7, 15-9. ఇక్కడిదాకా కవల పిల్లలే. స్ట్రైకౌట్లకి వచ్చేసరికి రూత్ 40, ఒహ్తానీ 219. హోమ్ రన్‌లు 11, 34. అట్-బ్యాట్‌లు (వాక్‌లు కలపని బ్యాటింగ్ అవకాశాలు) 317, 586.

ఈ చివరి మూడు చూసి ఒహ్తానీ అభిమానులు ఎగిరి గంతేయకండి. 1918లో అమెరికన్ లీగ్ టీమ్‌లన్నీ కలిపి కొట్టినవే 96 హోమ్ రన్‌లు. ఆ ఏడాది టిల్లీ వాకర్‌తో కలిసి రూత్ మొదటి స్థానం పంచుకున్నది ఆ 11తోనే. 2022లో ఆరన్ జడ్జ్ ఒక్కడే 62 కొట్టాడు. అంటే తన కాలంలో రూత్ 11 చిన్న సంఖ్య కాదు. 1919 చూస్తే ఇంకా స్పష్టం: ఆయన 29 కొట్టాడు, లీగ్‌లో రెండో స్థానం వాళ్ళవి 10.

మరి ఒహ్తానీ గొప్ప ఎక్కడుంది? పని భారంలో. లీగ్ పట్టికల్లో పేరు ఎక్కాలంటే ఇప్పటి లెక్కన పిచర్ 162 ఇన్నింగ్స్ వేయాలి, బ్యాటర్ 502 సార్లు క్రీజులోకి రావాలి. 2022లో ఒహ్తానీ రెండూ దాటాడు. ఆధునిక లీగ్‌లలో ఒకే సీజన్‌లో అది చేసిన మొదటి మనిషి అతనే. రూత్‌కి కూడా కుదరలేదు.

అనకాపల్లి ఆల్‌రౌండర్

మధ్యలో దూరుతున్నందుకు ఏమనుకోకండి, నేను క్రికెట్ పక్షిని, డల్లాస్ వచ్చాకే ఈ ఆట చూడటం మొదలెట్టా. నాకు అర్థం కానిది ఒకటే. మనకి సోబర్స్, కపిల్, ఇమ్రాన్, కల్లిస్ అని తరానికి నలుగురు ఆల్‌రౌండర్లు ఉంటారు. ఇప్పుడు మన వైజాగ్ కుర్రాడు నితీశ్ కుమార్ రెడ్డి కూడా మెల్‌బోర్న్‌లో సెంచరీ కొట్టాడు. బేస్‌బాల్‌లో నూటపాతికేళ్ళకి ఇద్దరేనా? విసరడం వచ్చినవాడికి కొట్టడం అంత కష్టమా?

పాత స్కోర్‌బుక్

ఆల్‌రౌండర్ గారూ, అసలు అడగాల్సిన ప్రశ్న అదే.

క్రికెట్‌లో బౌలర్ ఎలాగూ బ్యాట్ పట్టాల్సిందే. ఎనిమిదో నంబర్‌లో నలభై పరుగులు చేస్తే టీమ్‌కి లాభం. కాబట్టి వ్యవస్థే ఆల్‌రౌండర్‌ని పెంచి పోషిస్తుంది. బేస్‌బాల్ వ్యవస్థ దీనికి ఎదురు దిశలో నడిచింది. స్టార్టింగ్ పిచర్ ఒక రోజు వందకి అటూ ఇటూ బంతులు విసిరి, తర్వాత నాలుగైదు రోజులు చేతికి విశ్రాంతి ఇస్తాడు. బ్యాటర్ 162 మ్యాచ్‌లలో దాదాపు రోజూ దిగుతాడు. విశ్రాంతి రోజున ఆ పిచర్‌ని అవుట్‌ఫీల్డ్‌లో పరిగెత్తించి, డైవ్ చేయించి, కోట్ల డాలర్ల భుజాన్ని పణంగా పెట్టే మేనేజర్ ఎవరు? పైగా 1973లో అమెరికన్ లీగ్‌లో డిజిగ్నేటెడ్ హిటర్ (డీహెచ్, పిచర్ బదులు బ్యాటింగ్ మాత్రమే చేసేవాడు) వచ్చాక పిచర్ బ్యాట్ ముట్టుకునే అవసరమే పోయింది. 2022లో నేషనల్ లీగ్‌లోనూ అదే అయింది.

మొదట్లో ఇలా లేదు. 1880లలో టీమ్‌లో ఉండేదే పది పన్నెండు మంది, అందరూ అన్నీ చేసేవాళ్ళు. జాన్ మాంట్‌గోమరీ వార్డ్ అని ఒకాయన 1880 జూన్ 17న ప్రావిడెన్స్ తరఫున పర్ఫెక్ట్ గేమ్ (ఒక్క బ్యాటర్‌నీ బేస్ చేరనివ్వని మ్యాచ్) విసిరాడు, పిచర్‌గా 164 విజయాలు సాధించాడు. చెయ్యి పాడయ్యాక షార్ట్‌స్టాప్‌గా (రెండో, మూడో బేస్‌ల మధ్య ఫీల్డర్‌గా) మారి రెండు వేలకి పైగా హిట్‌లు కొట్టాడు. నూరు విజయాలు, రెండు వేల హిట్‌లు రెండూ ఉన్నది ఆయన ఒక్కడికే. మధ్యలో కొలంబియాలో లా చదివి, ఆటగాళ్ళ మొదటి యూనియన్ పెట్టి, 1890లో యజమానుల మీద తిరగబడి వేరే లీగే నడిపాడు. ఆయన గురించి ఒక దారం (థ్రెడ్) విడిగా తెరవాలి.

గై హెకర్ అని ఇంకొకడు, 1884లో 52 మ్యాచ్‌లు గెలిచిన పిచర్, 1886లో అమెరికన్ అసోసియేషన్ (అప్పటి ఇంకో మేజర్ లీగ్) బ్యాటింగ్ టైటిల్ కొట్టాడు. అయితే వీళ్ళ లెక్కలు నేటి వాటి పక్కన పెట్టలేం. అప్పుడు పిచర్ ఇప్పటికంటే చాలా దగ్గర నుంచి విసిరేవాడు. 60 అడుగుల 6 అంగుళాల దూరం వచ్చింది 1893లో. చెయ్యి భుజం పైకెత్తి విసరడానికి నేషనల్ లీగ్ ఒప్పుకున్నదే 1884లో.

నెల్లూరు ఎడమచేయి

మాస్టారూ, మరి రూత్ విషయంలో వ్యవస్థ ఎందుకు ఒప్పుకుంది?

పాత స్కోర్‌బుక్

మొదటి ప్రపంచ యుద్ధం వల్ల. 1918లో ఆటగాళ్ళు సైన్యంలోకి, ఓడల కర్మాగారాల్లోకి వెళ్ళిపోతున్నారు. బోస్టన్ మేనేజర్ ఎడ్ బారోకి అవుట్‌ఫీల్డ్‌లో మనుషుల్లేరు. రోజూ బ్యాటింగ్ చేయించమని సీనియర్ హ్యారీ హూపర్ పోరు పెట్టాడు. బారోకి ఇష్టం లేదు, లీగ్‌లోనే గొప్ప ఎడమచేతి పిచర్‌ని అవుట్‌ఫీల్డర్‌ని చేస్తే జనం నవ్వుతారని భయం. చివరికి ఒప్పుకున్నాడు. అప్పుడు రూత్ అడ్డం తిరిగాడు. బ్యాటింగ్ రుచి మరిగాక పిచింగ్ వద్దన్నాడు. జూలైలో బారోతో గొడవపడి టీమ్ వదిలేసి, పెన్సిల్వేనియాలో చెస్టర్ ఓడల కర్మాగారం టీమ్‌లో చేరతానని వెళ్ళిపోయాడు. బతిమాలి, బెదిరించి వెనక్కి తెచ్చుకున్నారు.

రెండూ ఇలా ఏళ్ళ తరబడి చేయడం మనిషి వల్ల కాదని ఆ ఏడాదే రూత్ స్వయంగా అన్నాడు. కాబట్టి రూత్ టూ-వే ఆటగాడు అవడం ఒక ప్రమాదం, ఆ పని మానేయడం ఆయన సొంత కోరిక. ఒహ్తానీ కథ దీనికి పూర్తిగా తిరగేసి ఉంటుంది.

ఒసాకా వంశీ

ఆ తిరగేసిన కథ నేను చెప్తా, నేనుండేది ఇక్కడే కాబట్టి రోజూ టీవీలో అదే వినిపిస్తుంది.

2012లో ఇవాతే కుర్రాడు ఒహ్తానీ "నేను నేరుగా అమెరికా వెళ్తా, నన్ను డ్రాఫ్ట్ చేయకండి" అని (డ్రాఫ్ట్ అంటే కొత్త ఆటగాళ్ళని టీమ్‌లు వంతులవారీగా ఎంచుకోవడం) చెప్పేశాడు. హొక్కైడో నిప్పన్-హామ్ ఫైటర్స్ వినలేదు, డ్రాఫ్ట్ చేశారు. వాళ్ళు చూపించిన ఆశ డబ్బు కాదు, రెండూ చేయనిస్తామన్న మాట. మేనేజర్ హిదెకి కురియామా దానికి తగ్గట్టు వారం మొత్తం ప్లాన్ చేశాడు. జపాన్‌లో స్టార్టింగ్ పిచర్ వారానికి ఒకసారే విసురుతాడు, సోమవారాలు సాధారణంగా ఆట ఉండదు. అలాంటి క్యాలెండర్ లేకపోతే ఈ ప్రయోగం మొదలయ్యేదే కాదని నా గట్టి నమ్మకం.

పెద్ద పెద్ద మాజీ ఆటగాళ్ళు తిట్టారు, రెంటికీ చెడ్డ రేవడి అవుతాడన్నారు. 2016లో పిచర్‌గా 10-4, ఈఆర్ఏ 1.86, బ్యాటర్‌గా .322 సగటు, 22 హోమ్ రన్‌లు, 165 కిలోమీటర్ల వేగంతో బంతి. ఆ జూలై 3న ఫుకువోకాలో స్టార్టింగ్ పిచరే మొదటి బ్యాటర్‌గా దిగి, మ్యాచ్ మొదటి బంతినే హోమ్ రన్ కొట్టి, తర్వాత 8 ఇన్నింగ్స్ ఒక్క పరుగు ఇవ్వకుండా విసిరాడు. అందరి నోళ్ళూ మూతపడ్డాయి.

అమెరికా క్లబ్బులు కూడా అతని కోసం వంగాయి. అక్కడ అతని మొదటి టీమ్ ఏంజెల్స్ ఆరుగురు పిచర్లని వంతులవారీగా తిప్పే రొటేషన్ నడిపారు. 2022లో లీగ్ ఏకంగా రూలే మార్చింది: స్టార్టింగ్ పిచర్ మౌండ్ (పిచర్ నిలబడే మట్టిదిబ్బ) దిగిపోయినా డీహెచ్‌గా బ్యాటింగ్ కొనసాగించవచ్చు. రూత్‌కి ఎవరు రూలు మార్చారు?

గల్లీ పిచర్

బ్రో సింపుల్. రూత్‌ని ఇప్పుడు తెచ్చి 100 మైళ్ళ బంతి ముందు నిలబెడితే హాట్ డాగ్ తింటూ అవుట్ అవుతాడు. ఖేల్ ఖతం.

లెక్కల సుబ్బులు

తమ్ముడూ, అలా అయితే ఒహ్తానీని 1918కి పంపి రైల్లో రెండు రాత్రులు కూర్చోబెట్టి, మట్టి పట్టి ఉమ్మి పూసిన బంతిని సాయంత్రం మసక వెలుతురులో ఆడమను. మోచేతి లిగమెంట్ మార్చే టామీ జాన్ సర్జరీ లేని కాలం అది. ఒహ్తానీకి 2018 అక్టోబర్‌లో మోచేతికి సర్జరీ, 2023 సెప్టెంబర్‌లో మళ్ళీ సర్జరీ, వాటి వల్ల 2019లో, 2024లో అతను ఒక్క బంతీ విసరలేదు. 1918లో అయితే మొదటి గాయంతోనే పిచర్‌గా అతని కథ ముగిసేది, బ్యాటర్‌గా మిగిలేవాడు. టైమ్ మెషీన్ ఎక్కిస్తే ఇద్దరికీ కష్టమే.

ఒసాకా వంశీ

టైమ్ మెషీన్ లేకుండానే రూత్‌కి ఒక పరీక్ష జరిగింది. 1934లో అమెరికా స్టార్లతో జపాన్ వచ్చాడు. షిజువోకాలో 17 ఏళ్ళ కుర్రాడు ఎయిజి సావామురా వరసగా గెరింజర్, రూత్, గెరిగ్, ఫాక్స్ నలుగురినీ స్ట్రైకౌట్ చేశాడు. ఆ మ్యాచ్‌ని అమెరికా 1-0తోనే గెలిచింది, గెరిగ్ కొట్టిన హోమ్ రన్‌తో. రూత్‌కి అప్పటికి 39 ఏళ్ళు, కాబట్టి ఆయన్ని తక్కువ చేయడానికి కాదు చెప్పేది. గొప్ప పిచర్లు తెల్లవాళ్ళ లీగ్ బయట కూడా ఉన్నారని మాత్రమే.

కాన్సాస్ కృష్ణ

వంశీ, ఆ చివరి వాక్యం కోసమే కాచుకుని కూర్చున్నా.

బంతిపూలు గారు మూడో పేరు అడిగారు, ఇంతమంది రాశారు, ఒక్కరూ చెప్పలేదు. నేను కాన్సాస్ సిటీలో ఉంటా. ఇక్కడ 18వ వీధి, వైన్ కూడలిలో నీగ్రో లీగ్స్ (నల్లవాళ్ళు విడిగా ఆడుకున్న లీగ్‌లు) బేస్‌బాల్ మ్యూజియం ఉంది. ఇండియా నుంచి చుట్టాలొస్తే ముందు అక్కడికే తీసుకెళ్తా, వాళ్ళకి బేస్‌బాల్ తెలియకపోయినా సరే.

పేరు బుల్లెట్ జో రోగన్. పుట్టింది 1893లో ఓక్లహామా సిటీలో. అయిదడుగుల ఏడంగుళాల మనిషి. నల్లవాళ్ళ 25వ ఇన్‌ఫాంట్రీ రెజిమెంట్‌లో సైనికుడిగా హవాయిలో బేస్‌బాల్ ఆడుతూ యవ్వనం గడిపేశాడు. ఎందుకంటే మేజర్ లీగ్‌ల తలుపు అతని రంగుకి మూసేశారు. 1920లో నీగ్రో నేషనల్ లీగ్ మొదలై, కాన్సాస్ సిటీ మోనార్క్స్ పిలిచేనాటికి అతనికి దాదాపు 27 ఏళ్ళు. ఆ వయసుకి రూత్ పిచింగ్ దాదాపు మానేసి రెండేళ్ళు దాటింది.

అక్కడి నుంచి 1928 దాకా రోగన్ టీమ్ ప్రధాన పిచర్లలో ఒకడు, టీమ్ ప్రధాన బ్యాటర్లలోనూ ఒకడు. పిచ్ చేసే రోజు చాలాసార్లు నాలుగో నంబర్‌లో బ్యాటింగ్. పిచ్ చేయని రోజు అవుట్‌ఫీల్డ్. 1924లో మొదటి నీగ్రో వరల్డ్ సిరీస్ హిల్‌డేల్ టీమ్ మీద పది మ్యాచ్‌లు సాగింది (ఒకటి టై), మోనార్క్స్ గెలిచారు, పది మ్యాచ్‌లలోనూ రోగన్ ఆడాడు. మరుసటి ఏడాది అదే హిల్‌డేల్‌తో సిరీస్‌కి ముందు ఇంట్లో చిన్న కొడుకుతో ఆడుకుంటుంటే మోకాల్లో సూది దిగింది. అతను లేని సిరీస్‌ని మోనార్క్స్ చిత్తుగా ఓడిపోయారు. ఒక్క మనిషి తప్పుకుంటే పిచరూ పోయాడు, నాలుగో నంబర్ బ్యాటరూ పోయాడు.

హాల్ ఆఫ్ ఫేమ్‌లోకి తీసుకున్నది 1998లో. అతను చనిపోయింది 1967లో.

అనుమానం పక్షి

గౌరవంతోనే అడుగుతున్నా కృష్ణ గారూ. నీగ్రో లీగ్‌ల సీజన్‌లో లెక్కకొచ్చే మ్యాచ్‌లు తక్కువ, మిగతావన్నీ ఊరూరా తిరిగి ఆడిన ఎగ్జిబిషన్లు. స్కోర్‌కార్డులు సగం దొరకవు. అలాంటి అంకెలని 162 మ్యాచ్‌ల సీజన్ పక్కన పెట్టడం న్యాయమేనా?

పాత స్కోర్‌బుక్

అనుమానం సబబే. అదే అనుమానం రూత్ మీద కూడా పెట్టండి మరి. 1947లో నల్లజాతి ఆటగాడు జాకీ రాబిన్సన్ వచ్చేదాకా మేజర్ లీగ్ రికార్డు ప్రతిదీ దేశంలోని మంచి ఆటగాళ్ళలో ఒక పెద్ద వాటాని గేటు బయట నిలబెట్టి రాసిందే. రోగన్ లాంటి పిచర్‌ని లీగ్ మ్యాచ్‌లో రూత్ ఒక్కసారీ ఎదుర్కోలేదు. ఒక వైపు అంకెలు కొన్ని దొరకలేదు, రెండో వైపు మనుషులే కొందరు లేరు. ఏది పెద్ద లోపం?

అంకెల సంగతి చెప్పాలంటే, పాత పత్రికల బాక్స్ స్కోర్లు ఒక్కొక్కటీ ఏరి పరిశోధకులు ఏళ్ళపాటు కట్టారు. 2020 డిసెంబర్‌లో మేజర్ లీగ్ బేస్‌బాల్ 1920-48 మధ్య ఏడు నీగ్రో లీగ్‌లని మేజర్ లీగ్‌లుగా గుర్తించింది. 2024 మేలో ఆ లెక్కలని అధికారిక పట్టికలో కలిపింది. కెరీర్ బ్యాటింగ్ సగటులో టై కాబ్‌ని దాటి నీగ్రో లీగ్‌ల బ్యాటర్ జాష్ గిబ్సన్ .372తో పైకి వచ్చింది అప్పుడే.

లెక్కల సుబ్బులు

చిన్న సీజన్ అంటే మొత్తాలు పోల్చకూడదు, సగటులు జాగ్రత్తగా చూడాలి అని అర్థం. అసలు చూడకూడదని కాదు. 1918 సీజన్ కూడా యుద్ధం వల్ల సెప్టెంబర్ 2కే ఆగిపోయింది, రూత్ ఆడింది 95 మ్యాచ్‌లే. దాన్ని మాత్రం ఎవరూ పక్కన పడేయరు కదా.

గల్లీ పిచర్

సరే కానీ నీగ్రో లీగ్‌లలో అంతమంది రెండూ చేసేవాళ్ళు ఎందుకున్నారు? టాలెంట్ ఎక్కువనా?

కాన్సాస్ కృష్ణ

డబ్బు తక్కువ, తమ్ముడూ. టీమ్‌లో పద్నాలుగు నుంచి పద్దెనిమిది మంది. అందరూ ఒకే బస్సులో పట్టాలి, టికెట్ డబ్బుల్లోంచే అందరికీ జీతం రావాలి. పిచర్‌ని నాలుగు రోజులు ఊరికే కూర్చోబెట్టే స్తోమత లేదు. లియాన్ డే విసరని రోజు సెకండ్ బేస్‌లోనో సెంటర్ ఫీల్డ్‌లోనో నిలబడేవాడు. టెడ్ రాడ్‌క్లిఫ్ అయితే డబుల్‌హెడర్‌లో (ఒకే రోజు రెండు మ్యాచ్‌లు) ఒక మ్యాచ్‌కి క్యాచర్, ఇంకో మ్యాచ్‌కి పిచర్. అందుకే అతనికి "డబుల్ డ్యూటీ" అని పేరు పడింది. 103 ఏళ్ళు బతికి 2005లో పోయాడు.

స్కోర్‌బుక్ గారు ఇందాక అన్నది నేను ఇంకో మాటలో చెప్తా. మేజర్ లీగ్‌లు ఇది మనిషి వల్ల కాదని నమ్ముతున్న రోజుల్లోనే, అదే దేశంలో, కొన్నిసార్లు అద్దెకి తీసుకున్న అవే స్టేడియాల్లో, నల్లవాళ్ళు వారం వారం చేసి చూపించారు. అది చూసి నేర్చుకునే ఉద్దేశం ఎవరికీ లేదు.

నిర్వాహకుడు

దారం బాగా నడుస్తోంది, ఇలాగే ఉంచండి. ఇక్కడికి సంబంధం లేని ఇద్దరి వ్యాఖ్యలు తీసేశాను. కమ్మింగ్స్, స్టార్క్ గొడవ క్రికెట్ విభాగంలో పెట్టుకోండి.

పాత స్కోర్‌బుక్

నిర్వాహకుడు గారు తాళం వేసేలోగా నాలుగో పేరు కూడా చెప్పేస్తా. మార్టిన్ డిహీగో, క్యూబా. వేసవిలో అమెరికా నీగ్రో లీగ్‌లు, తర్వాత మెక్సికో, శీతాకాలం సొంత దేశం. ఇన్‌ఫీల్డ్, అవుట్‌ఫీల్డ్, మౌండ్, ఎక్కడ నిలబెట్టినా ఆ స్థానానికి పుట్టినవాడిలా ఆడేవాడట. 1937లో మెక్సికన్ లీగ్ చరిత్రలో మొదటి నో-హిట్టర్ (ఒక్క హిట్ కూడా ఇవ్వని మ్యాచ్) విసిరాడు. 1938లో అదే లీగ్‌లో పిచర్‌గా 18-2, ఈఆర్ఏ 0.90. బ్యాటర్‌గా .387 సగటుతో టైటిల్. ఒకే సీజన్‌లో, ఒకే లీగ్‌లో, రెండు వైపులా శిఖరం.

అమెరికా, క్యూబా, మెక్సికో మూడు దేశాల హాల్ ఆఫ్ ఫేమ్‌లలోనూ ఉన్నాడు. అయినా ఆ 1938 సీజన్ మేజర్ లీగ్ పట్టికలో రాదు. 2024లో కలిపింది అమెరికా నీగ్రో లీగ్‌లనే, మెక్సికో, క్యూబా లీగ్‌లు బయటే. అంటే డిహీగో జీవితంలో పెద్ద భాగం ఇంకా గేటు బయటే ఉంది.

నెల్లూరు ఎడమచేయి

రోగన్, డిహీగో గొప్పవాళ్ళే, ఎవరు కాదన్నారు? కానీ రూత్ వరల్డ్ సిరీస్‌లలో వరసగా 29⅔ ఇన్నింగ్స్ ఒక్క పరుగు ఇవ్వలేదు. ఆ రికార్డు 1961లో వైటీ ఫోర్డ్ వచ్చేదాకా కదల్లేదు. ఒత్తిడి ఉన్న చోట ఎవరు నిలబడ్డారన్నదే నా కొలత.

లెక్కల సుబ్బులు

మీ కొలతతోనే చూద్దాం. 1918 వరల్డ్ సిరీస్ మొదటి మ్యాచ్‌లో రూత్ షికాగో కబ్స్‌ని 1-0తో ఆపాడు, బ్యాటింగ్ స్థానం మాత్రం తొమ్మిది. నాలుగో మ్యాచ్‌లో ఆరో స్థానం ఇచ్చారు, రెండు పరుగులు తెచ్చిన ట్రిపుల్ (మూడో బేస్ దాకా చేర్చే హిట్) కొట్టాడు. సిరీస్ మొత్తం మీద అతనికి దక్కినవి 5 అట్-బ్యాట్‌లే. హోమ్ రన్‌లలో లీగ్ మొదటి స్థానం ఉన్న మనిషికి! బారోకి అసలు పోటీలో పిచర్ రూత్ చాలు.

2025 వరల్డ్ సిరీస్ మూడో మ్యాచ్ 18 ఇన్నింగ్స్ సాగింది. ఒహ్తానీ రెండు హోమ్ రన్‌లు, రెండు డబుల్స్ కొట్టాడు, అయిదు వాక్‌లతో (కొట్టకుండానే మొదటి బేస్ దక్కడం) కలిపి తొమ్మిదిసార్లు బేస్ చేరాడు. ఎదుటి టీమ్ బ్లూ జేస్ భయపడి నాలుగుసార్లు కావాలనే వదిలేశారు. అంత రాత్రి దాకా ఆడి మర్నాడే నాలుగో మ్యాచ్‌కి స్టార్టింగ్ పిచర్. ఆ మ్యాచ్ ఓడారు, అతను అలసిపోయాడని ఎవరికైనా కనిపించింది. ఏడో మ్యాచ్‌లో మూడు రోజుల విశ్రాంతితో విసిరి బో బిషెట్‌కి మూడు పరుగుల హోమ్ రన్ ఇచ్చాడు, మూడో ఇన్నింగ్స్ కూడా పూర్తి కాలేదు. టీమ్ ఎలాగో గెలిచింది. ఇవి దాచి అతన్ని దేవుణ్ణి చేయక్కర్లేదు. రూత్‌కి దొరకని పరీక్ష అతనికి దొరికింది, కొంత పాసయ్యాడు, కొంత తప్పాడు.

బంతిపూలు

సుబ్బులు గారూ, అయితే కొలత ఇదేనా: పిచింగ్ చేసే రోజు మేనేజర్ అతన్ని బ్యాటింగ్‌లో ఎన్నో స్థానంలో పెట్టాడు?

లెక్కల సుబ్బులు

నాకు నచ్చింది. ఒహ్తానీ మొదటి స్థానం. రోగన్ నాలుగు. 1918 సిరీస్‌లో రూత్ తొమ్మిది, ఆరు. ఏ కాలానికైనా అన్వయించవచ్చు, ఎందుకంటే అది ఆ రోజు, ఆ టీమ్‌లో, మిగతా ఎనిమిది మందితో పోల్చి తీసుకున్న నిర్ణయం.

అనుమానం పక్షి

అందులో మేనేజర్ మూర్ఖత్వం కూడా కలిసిపోతుంది కదా? బారోకి ధైర్యం లేకపోతే శిక్ష రూత్‌కా?

ఒసాకా వంశీ

కలవనివ్వండి. కురియామా లేకపోతే ఒహ్తానీ కూడా ఈపాటికి ఉత్త పిచరే. 2019లో సిన్సినాటి పిచర్ మైకేల్ లోరెంజెన్ ఒకే మ్యాచ్‌లో విజయం తన పేర రాయించుకుని, హోమ్ రన్ కొట్టి, అవుట్‌ఫీల్డ్‌లో కూడా ఆడాడు. 1921లో రూత్ తర్వాత అది మళ్ళీ జరగడం అదే. 98 ఏళ్ళలో ఇంకెవరికీ చేతకాకనా, ఎవరూ చేయనివ్వకనా?

అనకాపల్లి ఆల్‌రౌండర్

కృష్ణ గారూ, ఆ సూది సంగతి నన్ను వదలట్లేదు. రోగన్ మళ్ళీ ఆడాడా?

కాన్సాస్ కృష్ణ

ఆడకపోవడమేంటి, 1926లో టీమ్‌కి మేనేజర్ కూడా అతనే. ఆ సెప్టెంబర్‌లో షికాగో అమెరికన్ జెయింట్స్‌తో ప్లేఆఫ్ చివరి రోజు డబుల్‌హెడర్. మొదటి మ్యాచ్‌లో రోగన్, బిల్ ఫాస్టర్ ఇద్దరూ విసిరారు, ఫాస్టర్ 1-0తో గెలిచాడు. రెండో మ్యాచ్‌కీ ఫాస్టరే దిగుతున్నాడని తెలిసి, రోగన్ తన పిచర్‌ని పక్కన పెట్టి మళ్ళీ తనే బంతి పట్టుకున్నాడు. 5-0తో ఓడిపోయాడు.

నెల్లూరు ఎడమచేయి

ఒకే రోజు రెండు మ్యాచ్‌లా? పక్కన ఎవరూ ఆపలేదా పెద్దమనిషిని?

కాన్సాస్ కృష్ణ

ఆపాల్సింది మేనేజర్. మేనేజర్ ఎవరో పైన చెప్పాగా.